చాప ఎత్తేలోగా డీన్ పదవి నుంచి విడుదల కోరుతూ

ఉపోలు ద్వీపం,
శుక్రవారం ఉదయం.

గౌరవనీయులైన ఉపకులపతి గారి సముఖమునకు, విజ్ఞానశాస్త్ర విభాగం డీన్ ఇయోసెఫో ఫాతియలోఫా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నన్ను డీన్ పదవి నుంచి ఈ పూటే తప్పించుట గురించి.

పోయిన వారం మా విభాగం బండిని వెనక్కి తీయుచుండగా, ప్రయోగశాల సహాయకురాలు శ్రీమతి మతలేన దాని కింద పడి మరణించిన సంగతి తమకు విదితమే. బండి తోలినది మూడో ఏటి విద్యార్థి ఎనెలికో. మరణించినది నా భార్య. ఈ చివరి మాట నివేదికలో లేదు. అందులో దానికి చోటు లేదు.

1. విభాగ సిబ్బందిలో ఎవరు మరణించినా కుటుంబానికి డీన్ సంతాప లేఖ పంపవలెను. పంపితిని. మర్నాడు అది మా ఇంటికే వచ్చింది. విప్పి చదివాను. మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాం అని ఉంది, కింద నా సంతకం. బాగానే రాశాననిపించింది. మడిచి ఫ్రిజ్ మీద పెట్టాను.

2. ఖాళీ అయిన ఉద్యోగం ఇకపై అవసరమా, అయినచో ఎందుకో డీన్ కారణములు చూపవలెనని సిబ్బంది శాఖవారు అడిగినారు. "అవసరమే" అని రాశాను. కారణాల గడి ఖాళీగానే పంపాను. వివరాలు అసంపూర్తి అని తిప్పి పంపారు.

3. బండి తోలిన విద్యార్థిపై సోమవారం జరుగు విచారణకు డీనే అధ్యక్షత వహించి, బహిష్కరణ ఉత్తర్వు డీనే ఇవ్వవలెను. విచారణలో కూర్చునేవారికి బాధితులతో చుట్టరికమున్నచో ఆ సంగతి డీన్‌కు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. తెలిపితిని. అందినట్టు రసీదు కూడా నాకు నేనే ఇచ్చుకున్నాను. నవ్వొస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఇక అసలు సంగతి. ఈ తెల్లవారుజామున ఎనెలికో, అతని ఇంటివారంతా లారీ దిగి మా వాకిట్లో కూర్చున్నారు. తమరు ఆక్లాండ్ నుంచి కొత్తగా వచ్చారు కనుక చెబుతున్నాను. మా దగ్గర ప్రాణం తీసినవాడి కుటుంబం చచ్చినవారి ఇంటి ముందుకు వచ్చి, తమ ఇంట్లో ఉన్న అన్నిటికంటే మేలైన చాపను నెత్తిన కప్పుకుని తలలు వంచుకు కూర్చుంటుంది. ఆ ఇంటివాడు వెళ్ళి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తినవాడు ఆపైన ఆ మనిషికి కీడు తలపెట్టకూడదు. ఎత్తేదాకా వాళ్ళు కదలరు.

నేను వెళ్ళి ఎదుట నిలబడ్డాను. నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది: "మీ విన్నపం అందినది. ఏడు పనిదినాల్లోగా సమాధానం పంపబడును."

చాప కింద ఎవరో ముసలామె వెక్కిళ్ళు పెట్టింది. మతలేన అన్న లోకెనీ నన్ను రెక్క పట్టి వరండాలోకి లాక్కొచ్చాడు.

"బావా, మతి గాని పోయిందా? ఇది ఆఫీసనుకున్నావా?"

"ఇప్పుడు ఎత్తితే సోమవారం వాణ్ణెలా వెళ్ళగొట్టను?"

"అయితే వెళ్ళగొట్టకు."

"డీన్ వెళ్ళగొట్టాలి."

"నీ డీనుగిరీ తగలెయ్య! పోయింది నా చెల్లెలు. ఆ కుర్రాణ్ణి చూస్తుంటే నాకూ రక్తం ఉడికిపోతోంది. అలాగని ఎండలో మాడ్చేస్తావా? ఎత్తితే ఎత్తు, లేకపోతే పొమ్మను. మొగుడివి నువ్వు. నీ బదులు చేయడానికి ఇక్కడ డిప్యూటీ లేడు."

తమ కార్యాలయానికి ఫోన్ చేశాను. "అయ్యో సార్, చాలా బాధగా ఉంది సార్, రాసి ఇవ్వండి సార్" అంది అక్కడి అమ్మాయి. అందుకే రాస్తున్నాను.

అయ్యా, నాకు కోపం లేదు, దుఃఖమూ తెలియడం లేదు. పొద్దున టారో దుంప ఉడకబెట్టి పెట్టారు, తిన్నానో లేదో చెప్పలేను. ఒక్కటి మాత్రం తెలుసు. ఈ రోజు చాప ఎత్తి సోమవారం ఆ కుర్రాణ్ణి గెంటేస్తే, మా ఊళ్ళో నా మాట ఇంకెవరూ నమ్మరు, నేనూ నమ్మను. ఎత్తకపోతే మతలేన నమ్మదు. కనుక నన్ను డీన్ పదవి నుంచి విడుదల చేసినచో, ఉత్త మొగుడిగా మెట్లు దిగి వెళ్ళగలను.

ఎండ నడినెత్తికి రాకముందే దయతో చిత్తగించవలెనని వేడుకొనుచు,

మరొకరు వచ్చేదాకా డీన్‌గా ఉన్న
తమ విధేయుడు,
ఇయోసెఫో ఫాతియలోఫా

తా.క.: తమ జవాబు రాలేదు. ఎనెలికో ఎండకు సొమ్మసిల్లి పక్కకు ఒరిగాడు. చాప కింద ఎవరూ లేవలేదు, లేవకూడదు కూడా. నేనే పరుగెత్తి చాప లాగేశాను. ఎత్తింది డీనో మొగుడో ఆలోచించలేదు. లోకెనీ వాడి భుజాలు పట్టాడు, నేను కాళ్ళ వైపు. లోపలికి మోసుకెళ్ళి మతలేన మంచం మీద పడుకోబెట్టాం. కళ్ళు తెరిచి, "సార్, నేనిక్కడ పడుకోకూడదు సార్" అని లేవబోయాడు. "పడుకోరా" అన్నాను. ఇప్పుడు నిద్రపోతున్నాడు. పక్కనే కూర్చుని రాస్తున్నాను, కాగితం తడిసినందుకు క్షమించండి. సోమవారం విచారణకు డీన్‌గా తమకు ఇష్టమైనవారిని పంపుకోండి. నేనూ వస్తాను. వీడి పక్క కుర్చీలో కూర్చుంటాను.