తలుపేసుకున్న నత్త

మే 9, శుక్రవారం

నిన్న మా అబ్బాయి చెప్పింది తప్పు. నత్త చావలేదు. తలుపేసుకుంది.

ఎండలు ముదిరితే నత్త గుల్ల మూతికి కాగితం లాంటి పొర కట్టుకుని లోపల పడుకుంటుంది. తడి తగిలితే లేస్తుంది. రిటైరయ్యేదాకా బడిలో ఈ పాఠం చెప్పాను. వాడు నా క్లాసులోనే కూర్చునేవాడు. కిటికీలోంచి ఏం చూసేవాడో.

మనవరాలికి ఏడేళ్ళు. కుక్కపిల్ల కావాలని ఒకటే పోరు. కోడలు ఒప్పందాలు రాసే లాయరు, ఇంట్లోనూ షరతులతోనే మాట్లాడుతుంది. అరవకూడదు, బొచ్చు రాలకూడదు, దాని ఇల్లు మన నెత్తిన పడకూడదు, అలాంటిదేదైనా ఉంటే తెచ్చుకో అంది. అంటే వద్దని. పిల్ల మాత్రం వెతికింది. బాల్కనీలో ఎండిన పూలకుండీ వెనక ఈ నత్త దొరికింది. ఆదివారం సాయంత్రానికి కదలకపోతే చెత్తబుట్టే అని కోడలు కొత్త షరతు పెట్టింది.

అదే రోజు, సాయంత్రం

పిల్ల నన్ను మంత్రం అడిగింది. నీళ్ళు చల్లమంటే సరిపోయేది. ఆ ముఖం చూశాక పాఠం చెప్పబుద్ధి కాలేదు. మంత్రం ఎవరికి వాళ్ళే కట్టుకోవాలి, గుల్లని తడిచేతుల్లో పట్టుకుని చదవాలి, లేకపోతే పారదు అన్నాను.

దానికి తెలిసిన మహామంత్రం ఒక్కటే, రోజూ పొద్దున్నే వాళ్ళమ్మ ప్రయోగించేది: "లే, బస్సు వెళ్ళిపోతుంది."

మే 10

లేవలేదు.

మే 11, ఆదివారం, మధ్యాహ్నం

పొర అలాగే ఉంది. పిల్ల భోజనం మధ్యలో లేచి వెళ్ళి, చేతులు తడుపుకుని, బస్సు వెళ్ళిపోతుందని చెప్పి వస్తోంది. ఇక వదిలెయ్యమ్మా అన్నాడు అబ్బాయి. అది తలెత్తకుండానే, "నేను మాత్రం ఒక్క పిలుపుకే లేస్తున్నానా, నాన్నా?" అంది.

నాకే అనుమానమొచ్చింది. నిజంగా చచ్చిందేమో. కిందికి దిగి, కుళాయి దగ్గర తడిలో ఇంకో నత్తని పట్టాను, గుట్టుగా మార్చేద్దామని. మెట్ల మీద సిగ్గేసింది. మంత్రం పిల్లది. నత్త కూడా దానిదే అయి ఉండాలి. తీసుకెళ్ళి దొరికినచోటే దింపేశాను.

సాయంత్రం

పిల్ల కేక వెయ్యలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

పొర ఊడింది. ముందు కొమ్ములొచ్చాయి, వాటి చివర కళ్ళు. పిల్ల ఊపిరి బిగబట్టి, గుసగుసగా గుడ్ మార్నింగ్ చెప్పింది. ల్యాబులో ఎన్ని నత్తల్ని కోసి చూపించానో. ఒక్కటీ నన్నిలా తేరిపార చూడలేదు.

మే 12

నత్త కోడలి ఫైలు మీద షికారు చేసింది. ఒప్పందం పై నుంచి కింది దాకా జిగట. కోడలు బయట పారెయ్యమంది. పిల్ల అడ్డంగా నిలబడింది.

"అరవలేదు. బొచ్చు లేదు. ఇల్లు కూడా అదే తెచ్చుకుంది. నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి కదమ్మా?"

లాయరమ్మ గుడ్డ తెచ్చి ఫైలు తుడుచుకుంది. కాగితాల మీద నడవకూడదన్న షరతు పెట్టడం మరిచింది మరి. ఏమీ తేల్చకుండానే ఆఫీసుకు వెళ్ళిపోయింది. నవ్వు ఆపుకోవడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

మే 13

ఆఫీసు నుంచి కోడలి మెసేజ్. దానికి దోసకాయ పెట్టొచ్చా, అత్తయ్యా?

నా జవాబు: పెట్టొచ్చు. లేతది ఏరు. చివర కోయించి రుచి చూడు, చేదైతే వద్దు. వస్తూ మూత ఉన్న డబ్బా ఒకటి తీసుకురా, కాస్త పెద్దది. చిల్లులు నేను పెడతాను.