ఆగుదాం బటన్

అమ్మా, నేను కులాసా, బెంగ పెట్టుకోకు.

కార్లో ఊళ్లు తిరిగేవాళ్లు దారి వేసుకుని నలుగురితో పంచుకునే వెబ్‌సైటు చేస్తున్నామన్నానుగా, నిన్న దాన్ని మా ఇంటి ఓనరుగారి అత్తగారి చేత వాడించి చూశాం. "తొందరగా చేరడం సరే, కడుపులో తిప్పితే ఎక్కడ ఆగాలో చెప్పదేమమ్మా?" అన్నారావిడ. మా ఆఫీసువాళ్లందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ప్రయాణాల్లో కిటికీ పక్కన నిమ్మకాయ వాసన చూస్తూ, "నాకేం ఫర్వాలేదు, పోనివ్వండి" అనే నువ్వే గుర్తొచ్చావు. పట్టుబట్టి "ఆగుదాం" అని బటన్ పెట్టించాను. నొక్కితే దగ్గర్లో నీడా నీళ్లూ ఉన్న చోటు చూపిస్తుంది.

నాన్న కళ్లజోడు బాగైందా? నా దుప్పటి పార్సిల్ చెయ్యొద్దు, మీరే తీసుకురండి. సైటులో మొదటి ప్రయాణం మనింటి నుంచి నా గదికే వేశాను. ఫోన్లో పిలిస్తే "చూద్దాంలే" అంటావని కార్డు రాస్తున్నాను. చెల్లికి ముద్దులు.

దారిలో ఎన్నిసార్లయినా ఆగండి. ఆఖరిసారి మాత్రం నా గుమ్మం ముందు నొక్కు.

నీ పెద్దది