మేకు పక్కన ప్లగ్గు

అత్తయ్యా, నేను బాగానే ఉన్నాను. నా బెంగంతా మావయ్య గురించే.

మన వీధి ఫోటోగ్రాఫరు పని మీద ఇటు వచ్చి, బైకు నెట్టుకుంటూ నా పంచరు షాపు ముందు ఆగాడు. "గాలి పోతోందంటే మీ మావయ్యే ప్లగ్గు వేశాడు. ఏం హస్తవాసో ఏమో, రోజూ దిగిపోతూనే ఉంది" అన్నాడు. చూడగానే పోల్చుకున్నాను. టైరు కన్నంలో దూర్చిన రబ్బరు ప్లగ్గు తోక మొదలంటా కోయకుండా గోరంత వదిలేది మావయ్య ఒక్కడే. కానీ సబ్బునీళ్ళు పోసి, బుడగలు వచ్చిన చోట చూశాను. అసలు మేకు తీయనే లేదు! రోడ్డు మీద అరిగి దాని తల అద్దంలా మెరుస్తోంది. దానికి రెండు వేళ్ళ దూరంలో, మంచి రబ్బరుని పొడిచి మరీ ప్లగ్గు వేశాడు. చెవి ఆనించి, గాలి చప్పుడుని బట్టి వెతికి ఉంటాడు. ఇది కొత్తగా దిగిన మేకు అని అబద్ధమాడి, పీకి, ప్లగ్గు వేసి పంపేశాను.

నా నీలం స్వెట్టరు పంపు. వంటింటి కుళాయి బాగు చేయించావా? చిన్నదాని దగ్గు తగ్గిందా? మావయ్య చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడా, నువ్వు పెడుతున్నావా?

ఈ కార్డు నువ్వు చదివి వినిపించకు. ఆయన చేతికే ఇవ్వు. "నా చేతులకి గ్రీజుంది, నువ్వే చదువు" అన్నాడా, ఆ పూటే షాపు మూయించి కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళు.

ఇద్దరికీ దణ్ణాలు. మావయ్యా, ఇది నువ్వే చదువుతుంటే మాత్రం నన్ను నోరారా తిట్టు. పండగ చేసుకుంటాను.

మీ అల్లుడు