వేడినీళ్లలో మా అమ్మాయి గొంతు

మార్చి 4, మంగళవారం. మధ్యాహ్నం

మా అమ్మాయి మాట్లాడింది! రెండేళ్ల రెండు నెలల తర్వాత నోరు విప్పి మాట్లాడింది! అక్షరాలు ఊగిపోతున్నాయి. ఊగనీ.

టూరు మొదటి రోజే జరిగింది. పాత పట్నం శిథిలాల వెనక రాళ్లలోంచి వేడినీళ్లు ఊరి గుండాలుగా నిలుస్తాయి. మా టూరువాళ్లంతా పెద్ద గుండంలో దిగి పిల్లల్లా ఒకటే కేకలు. అమ్మాయి చివర ఉన్న చిన్న గుండంలో ఒక్కతే దిగింది. నాకు నీళ్లంటే భయం. గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చున్నాను. ఆవిరిలో దాని తల తప్ప ఏమీ కనిపించడం లేదు. అప్పుడు వినబడింది. కొంచెం జరుగమ్మా, రాయంతా నువ్వే ఆక్రమించావు, అంది. గొంతు కాస్త బొంగురు పోయింది, అంతే. అదే గొంతు!

ఏడ్చాను. నవ్వాను. మా టూరులోని రిటైర్డ్ మాస్టారు గుండంలోంచి అటుగా వస్తే, ఆయన్ని తడి ఒంటితోనే కావలించుకున్నాను. ఏమైందయ్యా, లాటరీ గాని తగిలిందా అన్నారు. అంతకన్నా పెద్దదే మాస్టారూ అన్నాను.

ముగ్గురు డాక్టర్లు గొంతులో లైటు వేసి చూసి, ఇక్కడ ఏ లోపమూ లేదు, మనసులో ఏదో పట్టేసింది అన్నారు. వాళ్లమ్మ పోయిన రోజు పట్టేసిన గొంతు. ఇవాళ వేడినీళ్లకు కరిగింది!

అదే రోజు, సాయంత్రం

ఇప్పుడు తట్టింది. జరుగమ్మా అని ఎవరితో అంది? గుండంలో ఇంకెవరూ లేరు.

మార్చి 5, బుధవారం

పొద్దున శిథిలాలు చూపించారు. నలభై ఏళ్లు తాపీ పట్టినవాణ్ణి, ఇలాంటి పని చూడలేదు. స్నానాల గదిలో నేల కింద ఇంకో నేల. మధ్యలో మోకాలెత్తు ఇటుక స్తంభాలు. వాటి సందుల్లోంచి వేడి పారేదట. ఎన్ని వందల ఏళ్లయిందో, ఒక్క ఇటుక కదల్లేదు! గైడమ్మ అందరి ముందూ, మేస్త్రీగారూ, మీరే చెప్పండి అంది. చెప్పాను. చప్పట్లు కొట్టారు.

శిథిలాల్లో ఉన్నంతసేపూ అమ్మాయి నోట ఒక్క మాట లేదు. ఏమడిగినా తలూపింది. గుండంలో దిగిందో లేదో, మొదలుపెట్టింది. నాతో కాదు. పక్కన ఖాళీ వైపు తిరిగి. ఎవరమ్మా అని గట్టు మీంచి అడిగాను. అమ్మే నాన్నా, అంది. ఈ మనిషికి గోడ నిలువు తెలుస్తుంది గానీ చొక్కా బొత్తాల వరస తెలియదు అని నవ్వుతోంది, అంది.

చూసుకున్నాను. ఒక బొత్తం తప్పింది.

ఆ ఎత్తిపొడుపు మా ఆవిడదే. ఇంకెవరికీ రాదు. ఒళ్లు ఝల్లుమంది. భయం కాదు. ఏమో, భయమేనేమో. కానీ పిల్ల నన్ను నాన్నా అని పిలిచింది! దయ్యమే పిలిపించిందనుకో, నాకేం!

సాయంత్రం ఆరు

అమ్మాయి ఒక్కతే పైకొచ్చింది. రాతి మీద తడి అడుగులు రెండు జతలు.

మార్చి 6, గురువారం. ఉదయం

రేపు పొద్దున్నే బస్సు. నీళ్లలోంచి బయటికొస్తే పిల్లకు మాట లేదు. ఇంటికెళ్లాక ఏం గతి? ఇంకో రెండు రోజులు ఉండనివ్వమ్మా అని గైడమ్మను బతిమాలాను. గదులు వేరే గుంపుకి ఇచ్చేశారట. పోనీ, ఆ నీళ్లు డబ్బాలో పట్టుకెళ్దామా అంటే, చల్లారాక అవీ మామూలు నీళ్లేనయ్యా అన్నారు మాస్టారు.

సరే. సిగ్గు విడిచి నేనూ దిగుతాను. ఆవిడనే అడుగుతాను.

మధ్యాహ్నం

దిగాను. మెడదాకా. కుడి పక్కన అమ్మాయి. నీళ్లు కాలిపోతున్నాయి, ఎడమ పక్క మాత్రం చల్లగా ఉంది. నాకేమీ కనిపించలేదు, వినిపించలేదు. ఆ చల్లదనం వైపు తిరిగి అన్నాను. ఇంటికి రావే, నువ్వొస్తేనే పిల్ల మాట్లాడుతుంది, అన్నాను. అమ్మాయి చెవి ఒగ్గి విని చెప్పింది. రాకేం చేస్తాను? టూరుకొచ్చి ఇక్కడే కాపురం పెడతానా అంటోంది నాన్నా, అంది.

తర్వాత నా చెవిలో ఇంకో సంగతి చెప్పింది. అమ్మ పోయిన రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది తనేనట. అమ్మ పోయింది, అమ్మ పోయింది అని పదకొండుసార్లు. పన్నెండోసారి నోరు రాలేదట. నేను ఆ వేళ గోడకానుకుని కూర్చున్నాను. అందరికీ ఎవరు చెప్పారని ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

మార్చి 7, శుక్రవారం. బస్సులో

గైడమ్మ తలలు లెక్కపెట్టింది. ఇరవై రెండు. మళ్లీ పెట్టింది. ఇరవై రెండే. మేం ఇరవై ఒక్కరం. అమ్మాయి కిటికీ సీటు వదిలి కూర్చుంది. అక్కడ సంచి పెట్టబోతే, అమ్మ ఒళ్లో పెడతావేంటి నాన్నా అంది. బస్సులో! గుండం ఎప్పుడో వెనకబడిపోయింది!

ఆవిడ వస్తోందని ఈసారి ఫోన్లు నేనే చేస్తాను. చెప్పాల్సినవాళ్లు:

పెద్ద బావమరిది. చెవుడు, అరిచి చెప్పాలి.

మా చెల్లెలు. గుండె జబ్బు మనిషి, కూర్చోబెట్టి చెప్పాలి.

అబ్బాయి, కోడలు. వాళ్లమ్మ గది ఖాళీ చెయ్యమనాలి.

మరదలు. అక్క చీరలన్నీ పట్టుకెళ్లింది, ఉతికి తెచ్చిపెట్టాలి.

మా ఆవిడ. తాను పోయిందని ఆవిడకింకా ఎవరూ చెప్పలేదట. అదీ నేనే చెప్పాలి. ఇల్లు చేరనీ.