బంతి ఇచ్చేశాక

అక్కకు,

వారం నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను. నీ కూతురికి బాస్కెట్‌బాల్ పరీక్షలో పదికి రెండు మార్కులు వేసిన మాట నిజమే. "మేనమామవై ఉండి నా బిడ్డ పరువు తీశావు కదరా" అని నువ్వు ఫోన్ పెట్టేశావు. నన్ను చెప్పనివ్వలేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ఆటల మాస్టారి పని నాకెవరూ నేర్పలేదు. చూసినది రోజూ నోటుబుక్కులో రాసుకుంటూ నేర్చుకున్నాను. నా పరీక్షలో బుట్టలో పడ్డ బంతులు లెక్కపెట్టను. తోటివాళ్ళకు అందించినవే లెక్కపెడతాను. ఈ సంగతి పిల్లలందరికీ ముందే చెబుతాను. ఆ రోజు అమ్మాయి బుట్టలో పదకొండు వేసింది, అందించింది ఒక్కటీ లేదు. ఆ రెండు మార్కులూ వేళకు వచ్చినందుకు.

శుక్రవారం అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టాను. అమ్మాయి పద్నాలుగు సార్లు బంతి అందించింది. అందులో అయిదు అవతలి జట్టుకు. అవి తీసేశాను. వాళ్ళ జట్టు ఓడిపోయింది. మిగిలిన తొమ్మిదికి నాలుగు, వేళకు వచ్చినందుకు రెండు, మొత్తం అమ్మాయికి ఆరు మార్కులు వచ్చాయి.

ఆట అయ్యాక నా దగ్గరికి వచ్చింది. "బంతి ఇచ్చేశాక నేనేం చెయ్యాలి మామయ్యా? గుడ్లప్పగించి చూస్తూ నిలబడాలా?"

"ఖాళీ ఉన్న చోటికి పరుగెత్తు. మళ్ళీ నీకే ఇస్తారు."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోయినా పరుగెత్తాలి."

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. ఆదివారం పదింటికి మీ ఇంటికి వస్తున్నాను.

తమ్ముడు