అదే పరిమళం, మరింత తాజాగా

మలిసంజ సెంట్ల కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారి గారికి,

నమస్కారం. నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. ఉత్తరాలు రాసే అలవాటు లేదు. నా తప్పులుంటే మన్నించండి. మీ తప్పు సంగతి కింద రాస్తున్నాను.

మీ మలిసంజ సెంటు నా పెళ్ళినాటి నుంచి వాడుతున్నాను. పొద్దంతా తుప్పు, నూనె, ఆకురాయి మధ్య కూర్చునేవాడికి ఇంటికి వెళ్ళేముందు మనిషిగా మారడానికి ఏదో ఒక ఆధారం కావాలి. కొట్టు మూసి, చేతులు కడుక్కుని, మెడకు రెండువైపులా చెరో చుక్క. మొదట నారింజ తొక్క ఒలిచినట్టుండేది. వీధి మలుపు తిరిగేసరికి వానకు తడిసిన చెక్కలా మారేది. ఇల్లు చేరేసరికి ఎవరో పెద్దమనిషి పక్కగదిలో చుట్ట కాల్చుకుని ఇప్పుడే లేచి వెళ్ళినట్టుండేది.

పోయిన నెల సీసా అయిపోతే కొత్తది కొన్నాను. అట్టపెట్టె మీద “కొత్త మలిసంజ! అదే పరిమళం, మరింత తాజాగా” అని అచ్చు వేశారు. అదే అయితే కొత్తది ఎలా అయింది, కొత్తదైతే అదే ఎలా అయింది అని కొట్టులోనే ఆలోచించకపోవడం నా తెలివితక్కువ. ఇంటికి తెచ్చి మూత తీశాను. పళ్ళరసం కొట్టును ఫినాయిలుతో కడిగినట్టుంది.

నాకు నచ్చకపోతే పెద్ద బాధ లేదు. నచ్చనివి చాలా భరించాను. బాధ మా బొగ్గుతో. బొగ్గు మా కుక్క. బాగా ముసలివాడు. కళ్ళు కనపడవు, చెవులు వినపడవు. మిగిలింది ముక్కు ఒక్కటే. ఆ ముక్కుకు నేనంటే మలిసంజ. ఇప్పుడు రోజూ సాయంత్రం నన్ను దొంగ అనుకుని గేటు దగ్గర పంట్లాం పట్టుకుంటున్నాడు. ఊళ్ళో ఏ తలుపైనా తీయగలను. నా ఇంటి గేటు దాటలేకపోతున్నాను.

పాత సరుకు ఒక్క సీసా ఉన్నా పంపండి.

ఇట్లు, గేటు బయట నిలబడి,
తాళాల పనివాడు

తా.క.: “కాపలా కుక్క అంటే అలా ఉండాలి” అని మా ఆవిడ వాణ్ణి తెగ మెచ్చుకుంటోంది.

*

మాన్య వినియోగదారు గారికి,

మీ అమూల్యమైన అభినందనలు అందాయి. కొత్త మలిసంజలోని పళ్ళ తాజాదనాన్ని, శుభ్రతను మీరు ఇంత సూక్ష్మంగా గుర్తించడం మా కృషికి దక్కిన గౌరవం.

ముఖ్యంగా మీ ఇంటి పెద్దలు శ్రీ బొగ్గు గారు, ఆ వయసులో, చూపు లేకపోయినా, మా పరిమళం సోకగానే గేటు దాకా ఎదురొచ్చి మిమ్మల్ని పట్టుకుంటున్నారని చదివి మా విభాగమంతా చలించిపోయింది. మీ అనుమతితో ఈ సంగతిని మా ప్రకటనల్లో వాడుకోదలిచాం. బొగ్గు గారి ఫొటో ఒకటి పంపగలరు. నవ్వుతున్నదైతే మంచిది.

మీ సేవలో, పనివేళల్లో ఎల్లప్పుడూ,
ఫిర్యాదుల అధికారి

తా.క.: పాత సరుకు నిల్వ లేదు. ఉన్నా మీకు అక్కరలేదు. రెండూ ఒకటే.

*

ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం. నా ఉత్తరాన్ని మీరు చదివారో, తూకం వేసి జవాబు రాశారో తెలియలేదు. శ్రీ బొగ్గు గారికి నాలుగు కాళ్ళు, ఒక తోక ఉన్నాయి. ఆయన నవ్వరు. పళ్ళు మాత్రం చూపిస్తున్నారు, అవీ నాకే.

మళ్ళీ చెబుతున్నాను. అది కుక్క. మీ కొత్త సెంటు వల్ల అది నన్ను గుర్తుపట్టడం లేదు. ఇప్పుడు రోజూ మా ఆవిడ వచ్చి వాడి మెడపట్టీ పట్టుకుంటే నేను గోడవారగా లోపలికి జారుతున్నాను. ఇరుగుపొరుగు చూస్తున్నారు. “ఏమండోయ్, ఇంకా అద్దె కట్టలేదా?” అని ఎదురింటాయన అడిగాడు. అది నా సొంత ఇల్లు.

అసలు సంగతి అది కూడా కాదు. నేను లోపలికి వెళ్ళి, స్నానం చేసి, కుర్చీలో కూర్చున్నాక కూడా వాడు గేటు దగ్గరే ఉంటాడు. తిండి పెడితే రాడు. ముక్కు ఎత్తి వీధి వైపు వాసన చూస్తూ నా కోసం కాచుకుంటాడు. నేను వాడి వెనకే ఉంటాను. ఇంట్లో ఉన్నవాడు ఇంటికి రాలేదని ఎదురుచూస్తుంటే ఆ ఇంట్లోనే కూర్చుని చూడటం ఎలా ఉంటుందో మీ విభాగానికి తెలియకపోవచ్చు.

పాత సీసా ఒక్కటి. అడిగింది అంతే.

ఇట్లు, గోడవారగా,
తాళాల పనివాడు

తా.క.: ఫొటో పంపడం లేదు. చిరిగిన పంట్లాం కావాలంటే పంపుతాను, ప్రకటనల్లో వాడుకోండి.

*

మాన్య వినియోగదారు గారికి,

మీ రెండో ఉత్తరాన్ని ఈసారి పూర్తిగా చదివాం. తీవ్రంగా పరిగణించాం.

మొదటి మాట: మా ఉత్పత్తులు మనుషుల కోసం తయారైనవి. కుక్కకు పూయరాదు, తాగించరాదు, వాసన చూపించరాదు. మీరు మూడో నిబంధన రోజూ ఉల్లంఘిస్తున్నట్టు మీరే రాసిచ్చారు.

రెండో మాట: కుక్క యజమానిని గుర్తుపట్టేది అతని ఒంటి వాసనతో అని పిల్లల పుస్తకాల్లోనే ఉంది. మీరు సెంటు మానేసి ఒకసారి వెళ్ళి చూడండి.

మూడో మాట: కొందరికి పాతదంతా మంచిదే. మారింది సెంటు కాదు, వయసు. అయినా మీ తృప్తి కోసం రెండు చిన్న సీసాలు పంపుతున్నాం. ఒకదాని మీద ‘అ’, ఇంకోదాని మీద ‘ఆ’ అని రాశాం. ఒకటి పాత మలిసంజ, ఒకటి కొత్తది. ఏది ఏదో చెప్పం. మీ కుక్కనే చెప్పమనండి.

నమ్మకంతో,
ఫిర్యాదుల అధికారి

తా.క.: కుక్క అభిప్రాయానికి ఇద్దరు పెద్దమనుషుల సాక్షి సంతకాలు తప్పనిసరి.

*

అధికారి గారికి,

నమస్కారం. మీరు చెప్పినవన్నీ చేశాను.

సెంటు లేకుండా వెళ్ళాను. బొగ్గు మడమ పట్టుకున్నాడు. మా ఆవిడ తలుపు తీసి, ఒక్క క్షణం ఆగి, “ఎవరు కావాలి?” అంది. పరాచికమే అనుకుంటున్నాను. పెళ్ళిరోజు నుంచీ మలిసంజే కదా. నా ఒంటి వాసన ఏమిటో ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు, నాతో సహా.

తరవాత ‘అ’ పూసుకుని వెళ్ళాను. ఎడమ కాలు. మర్నాడు ‘ఆ’ పూసుకుని వెళ్ళాను. కుడి కాలు. ఎదురింటాయన, ఆయన బావమరిది సాక్షులు. సంతకాలు జతచేశాను. ఎదురింటాయన సంతకం వంకరగా ఉన్నది నవ్వుతూ పెట్టడం వల్ల.

రెండింటిలో ఒకటి పాతదని మీరు అంటున్నారు. వాడు రెంటినీ కాదన్నాడు. అంటే వాడి ముక్కు కూడా పోయిందన్నమాట. పశువుల డాక్టరు గారూ ఆ మాటే అన్నారు. “ముసలితనం, ఒక్కొక్క దీపం ఆరిపోతుంది” అన్నారు. నిజం చెప్పాలంటే ‘అ’కూ ‘ఆ’కూ తేడా నాకూ తెలియలేదు. బహుశా నా ముక్కు కూడా పోయిందేమో. ఇన్నాళ్ళూ మిమ్మల్ని విసిగించాను. ఇక రాయను.

ఇట్లు, ఓడిపోయి,
తాళాల పనివాడు

తా.క.: బాబూ, ఆయన సంతకం పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ఇది రాసేది నేను, ఆయన భార్యను. బట్టలు కుడతాను. సూదిలో దారం ఎక్కించే కళ్ళు నావి. మీరు పంపిన రెండు సీసాల అడుగున చిన్న అంకెలున్నాయి చూశారా? రెండింటి మీదా ఒకటే నంబరు. పోయిన నెల కొన్న కొత్త సీసా అడుగునా అదే. మా బొగ్గుకు కళ్ళు లేవు గాని మాకున్నాయి. అబద్ధం ఆడితే ఆడారు, అతికినట్టు కూడా ఆడలేరా నాయనా? ఆయనను తన ముక్కునే అనుమానించేలా చేశారు. మగాడివైతే మా ఇంటికి వచ్చి, “రెండూ ఒకటే” అన్న మాట మా బొగ్గు ఎదురుగా చెప్పు. టీ ఇస్తాను.

*

పూజ్యురాలైన అమ్మగారికి,

మీ తాజా కలం చదివాను. పెట్టెలు కట్టే విభాగంలో పొరపాటు జరిగి ఉంటుంది. విచారణ జరిపాం. పొరపాటు జరగలేదని ఆ విభాగం తేల్చింది. జరగని పొరపాటుకు క్షమాపణలు.

మా మేనేజరు గారు మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుని, “నువ్వే వెళ్ళు, ఆ కుక్క దగ్గర తేల్చుకునే రా” అన్నారు. గురువారం సాయంత్రం ఆఫీసు అయ్యాక వస్తాను. రెండు రకాల సీసాలూ నా చేత్తో తెస్తాను. మలిసంజకూ మలిసంజకూ తేడా లేదని మీ గుమ్మంలోనే రుజువు చేస్తాను.

ధైర్యంగానే,
ఫిర్యాదుల అధికారి

తా.క.: కుక్కను గొలుసుతో కట్టి ఉంచండి. చిన్నప్పటి నుంచీ ఒక్క కుక్కకూ నేనంటే గిట్టదు.

*

అధికారి గారికి,

నమస్కారం. మొన్న మీరు అంత హడావిడిగా వెళ్ళిపోవడం వల్ల మీ సంచీ మా కుర్చీలోనే ఉండిపోయింది. అందులోని సీసాలు పగల్లేదు, వాటి అడుగునా మళ్ళీ అదే నంబరు. జరిగింది మీ ఫైలులో ఎలాగూ సరిగా ఎక్కదు కనుక నేను రాస్తున్నాను.

మీరు గేటు తీసేసరికి బొగ్గు గొలుసు లాక్కుంటూ లేచాడు. మీరు సంచీ అడ్డం పెట్టుకుని, “కరుస్తుందా?” అన్నారు. “ఈ మధ్య ఇంటి యజమానిని మాత్రమే కరుస్తోంది” అంది మా ఆవిడ. మీరు కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, “చూడండమ్మా, శాస్త్రీయంగా పాతదానికీ కొత్తదానికీ రవ్వంత తేడా కూడా” అంటూ ఉండగా గొలుసు ఊడింది. ఎలా ఊడిందని అడిగితే కుట్టుపని చేసేవాళ్ళకు కొక్కేలు విప్పడం అలవాటు అని మా ఆవిడ అంటోంది.

బొగ్గు నా పక్క నుంచే వెళ్ళాడు. నన్ను దాటుకుని వెళ్ళాడు. మీ మోకాళ్ళ మీద ముందుకాళ్ళు పెట్టాడు. మీ మెడ కుడివైపు వాసన చూశాడు, ఎడమవైపు చూశాడు. తరవాత వాడు చేసిన చప్పుడు మీరూ విన్నారు. కుక్కపిల్లగా ఉన్నప్పుడు చేసేవాడు, మళ్ళీ ఇన్నేళ్ళకు. మీ ఒళ్ళో తల పెట్టి, తోకతో స్టూలు మీది టీ కప్పు పడగొట్టి, కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళకు నేను ఇంటికి వచ్చాననుకున్నాడు. ఎదురుగా నిలబడి నేను చూశాను, నాకు ఎంత బాగా స్వాగతం దక్కిందో.

“తీయండి, దీన్ని తీయండి” అన్నారు మీరు.

“మీరే తీసుకోండి నాయనా, మీ కుక్కే అంటోంది” అంది మా ఆవిడ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మీరు మెడ తడుముకున్నారు. అప్పుడు నేను మీ పక్కకు వచ్చి వంగి వాసన చూశాను. నారింజ తొక్క లేదు, అది పొద్దుటే ఎగిరిపోయి ఉంటుంది. తడిసిన చెక్క ఉంది. పెద్దమనిషి ఉన్నాడు, చుట్టతో సహా. నా ముక్కు పోలేదు. వాడి ముక్కూ పోలేదు.

అదే పరిమళం అని మీరు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. నిజమే. మీ మీద ఉన్నది అదే.

మీరు వెళ్ళిపోయాక ఆ సాయంత్రం వాడు గిన్నె నాకి మరీ తిన్నాడు. కాని మర్నాటి నుంచి మళ్ళీ గేటు దగ్గరే. అసలు రానివాడి కోసం చూడటం ఒక ఎత్తు, ఒకసారి వచ్చి వెళ్ళినవాడి కోసం చూడటం ఇంకో ఎత్తు.

మిమ్మల్ని తిట్టాలని కూర్చున్నాను. రాయడం చేత కావడం లేదు.

ఇట్లు, మీరు కూర్చున్న కుర్చీ ఎదుటి నుంచి,
తాళాల పనివాడు

తా.క.: మీరు టీ తాగలేదు. బాకీ ఉందని మా ఆవిడ రాయమంది.

*

మాన్య వినియోగదారు గారికి,

మీ ఇంటికి వచ్చి స్వయంగా పరిశీలించిన మీదట, పాత, కొత్త మలిసంజల మధ్య ఎలాంటి తేడా లేదని సంస్థ నిర్ధారించింది. సదరు కుక్క ప్రవర్తన సంస్థ పట్ల దాని ఆదరణకు నిదర్శనం. ఇంతటితో ఫిర్యాదు ముగిసినట్టు భావిస్తున్నాం.

పైది ఫైలు కోసం. కింద రాసేది మీ కోసం. ఈ కాగితానికి నకలు లేదు.

పెట్టె మీది ఆ వాక్యం రాసింది నేనే. చెక్క నూనె ఖరీదు పెరిగింది, చవకది కలుపుతాం, జనానికి తెలియకుండా ఒక మంచి ముక్క రాయమన్నారు. రాశాను. చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే వీధి చివరి కొట్టుకు వెళ్ళి పాత సీసాలు ఉన్నవన్నీ కొనుక్కున్నాను. మీలా ఫిర్యాదు చేసిన ప్రతివాడికీ “రెండూ ఒకటే” అని రాసి, ఆ చేతికే చుక్క రాసుకుని ఇంటికి వెళుతున్నాను.

ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకపోవడానికి నేను పడే కష్టమేమీ లేదు. నేను వచ్చానా వెళ్ళానా అని తల ఎత్తి చూసే ఆచారం మా ఇంట్లో లేదు. ఆ గురువారం నేను కుక్క భయంతో పరుగెత్తాననుకున్నారు మీరు. కాదు. అంత సంబరంగా నన్ను ఎవరూ లోపలికి పిలవలేదు. అదీ నన్ను కాదు, మిమ్మల్ని.

సీసాల్లో సగం మీవి. రోజుకు రెండు చుక్కల చొప్పున బొగ్గు గారి ఆయుష్షుకు సరిపోతాయి. ఆయన మొండికేసి ఇంకా బతికితే నా సగమూ తీసుకోండి. బదులుగా ఒకటే కోరిక. అప్పుడప్పుడు టీ బాకీ వసూలు చేసుకోవడానికి వస్తాను. ఆ రోజు మన ఇద్దరిలో ఒక్కరమే పూసుకుందాం. వాణ్ణి తికమక పెట్టవద్దు. ఆ ఒక్కరూ మీరే అయినా సరే, ఒక్క కాలు కరిపించుకుని లోపలికి వస్తాను.

మీ వాడే,
ఫిర్యాదుల అధికారి

తా.క.: చిన్న ఇబ్బంది. సీసాలన్నీ మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి మొన్న మీ ఇంటి నుంచి పరుగెత్తినప్పుడు ఎక్కడో పడిపోయింది. వేరే తాళాలవాణ్ణి పిలిస్తే ఊరంతా తెలుస్తుంది. మీ పనిముట్లు తీసుకుని ఆదివారం పొద్దున రండి. పెట్టెలో ఏముందని మా ఆవిడ అడిగితే పాత ఫైళ్ళు అనండి. మరి ఈ వాసన ఏమిటని అడిగితే కొత్త మలిసంజ అనండి, నమ్ముతుంది. అదే పరిమళం కదా.