మగ్గం దగ్గర విడిచిన చెప్పులు

ధర్మవరం

నాయనకు నమస్కారాలు. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. మేమంతా బాగున్నాం, భయపడొద్దు.

వానలు మొదలైనప్పటి నుంచి ఈ అద్దె ఇంట్లో మగ్గం గుంత చెమ్మగిల్లి, గోడ వైర్ల నుంచి కరెంటు పాకి, మగ్గం ఇనుప చట్రం ముట్టుకుంటే షాక్ కొడుతోంది. వైరింగు చూపించమని ఓనరు ఓబుళపతిని ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: "రబ్బరు చెప్పులేసుకోని నెయ్యి తల్లీ, ఏం గాదు." దేవుడి లాంటి మగ్గంలోకి చెప్పులతో ఎవరైనా దిగుతారా?

నిన్న వచ్చి మళ్ళీ అదే చెప్పాడు. ఆయనా నేతింటి బిడ్డే కదా, చెబుతూనే అలవాటు కొద్దీ చెప్పులు విడిచి చట్రం మీద చెయ్యేశాడు. నేను వద్దని అరిచేలోపే ఎగిరి అవతల పడ్డాడు. దెబ్బేమీ తగల్లేదులే.

"ఇది నిజంగానే కొడతాండాది!" అన్నాడు.

"నీ చెప్పులు యాడున్నాయన్నా?" అన్నాను.

ఈ రోజు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ను పంపాడు. ఎర్త్ వేసి, ఇల్లంతా పరీక్ష చేసేదాకా మగ్గంలో కాలు పెట్టనని ఓనరుకూ అతనికీ చెప్పేశాను.

హిందూపురం నుంచి ఎవరైనా వస్తుంటే చింతకాయ తొక్కు పంపు. అవ్వ దగ్గు తగ్గిందా? మీ ఇంట్లో గ్రైండరు ముట్టుకుంటే జివ్వుమంటోందని అమ్మ చెప్పింది. దానికి నువ్వు ఆమెకు రబ్బరు చెప్పులు కొనిచ్చావట! నాయనా, మీ ఓనరును పిలిచి వైరింగు చూపించు. వినకపోతే ఆదివారం నేనే వస్తాను. అవ్వకు దండాలు. వైరింగు బాగయ్యేదాకా అమ్మను గ్రైండరు ముట్టనివ్వకు.

నీ బిడ్డ,
వనజాక్షి